దిక్కెరిగిన రెక్కలు

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘునికి ముందుగా చెప్పినది తన విరహవార్త కాదు, దారి. రామగిరి మొదలు అలకాపురి వరకు ఆమ్రకూటం, రేవానది, విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రం అని ఒక్కొక్క గుర్తును వరుసగా చెప్పి, ఒకటి కనుపించిన పిమ్మట మరియొకదానికై చూచుకొంటూ పొమ్మన్నాడు. ఉజ్జయిని త్రోవకు ప్రక్కగా ఉన్నదని తెలిసియు, వంకరదారియైనను చూచి పొమ్మని బ్రతిమాలినాడు. విమానం నడపడం నేర్చు విద్యార్థి తొలిసారి ఒంటరిగా ఊరు దాటి పోవునాడు చేయవలసిన పని సరిగా ఇదే. భేదమల్లా, చిక్కిపోయినప్పుడెల్ల నదులలో నీరు త్రాగి బలం పుంజుకొను వీలు మేఘునికి కలదు. విద్యార్థి తొట్టిలోని ఇంధనానికి అట్టి వీలు లేదు. అందుచేత ఉజ్జయినీ విలాసం అతనికి నిషిద్ధం.

తొలి ఒంటరి విహారాన్ని గురించి అందరూ చెప్పుకొందురు. గురువు దిగిపోగా శిష్యుడొక్కడే లేచి, క్షేత్రం చుట్టు ఒక ప్రదక్షిణం చేసి దిగును. అది ఘనమే. కాని అప్పుడు బయలుదేరిన నేల కంటి కెదురుగానే ఉండును. ఆ నేల కనుమరుగైన తరువాతిది అసలు పరీక్ష. మన దేశపు నిబంధనల ప్రకారం సొంత విహారానికి అనుమతి పొందగోరువాడు 150 నాటికల్ మైళ్ళకు తక్కువ కాని దూరం ఒంటరిగా పోయి, నడుమ రెండు వేర్వేరు క్షేత్రాలలో దిగి రావలెను. వృత్తిగా స్వీకరింపదలచినవానికి ఆ దూరం 300 మైళ్ళు. నాటికల్ మైలనగా 1.852 కిలోమీటర్లు.

ఈ పాఠానికి మన గోదావరిసీమయే మంచి పలక. అట్లాసులో మధురపూడి, గన్నవరం, విశాఖపట్నం విమానక్షేత్రాలకు కొలబద్ద నానించి చూడవలెను. మూడును దాదాపు ఒకే గీతమీద నిలుచును. మధురపూడి నుండి గన్నవరానికి సుమారు 68 మైళ్ళు. గన్నవరం నుండి విశాఖకు 156. విశాఖ నుండి తిరిగి ఇంటికి 88. వెరసి 312. విశాఖ క్షేత్రం నౌకాదళానిది, అందలి అనుమతుల ముచ్చట వేరు. దీనిని పటపాఠంగా గ్రహించిన చాలును.

గంటకు 90 మైళ్ళు పోవు చిన్న విమానం మధురపూడిలో లేచి నైరుతిగా తిరిగినదనుకొందము. కొద్ది నిమిషాలలోనే గోదావరి. ఎడమప్రక్క రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమ వంతెనలు. వానిలో 1900 నుండి 1997 వరకు రైళ్ళను మోసిన హేవలాకు వంతెన ఒకటి. ఇంతకు మించిన గుర్తు ఎవరికి కావలెను? కాని నది దాటిన పిమ్మట కుడివైపు మెట్ట, ఎడమవైపు పల్లం, పల్లంలో కాలువ ప్రక్క కాలువ, ఊరి ప్రక్క ఊరు, కొబ్బరితోట ప్రక్క కొబ్బరితోట. నేలమీద నడచువానికి ఏ ఊరి సొగసు ఆ ఊరిదే. రెండువేల అడుగుల మీదినుండి చూచువానికి అన్నియు ఒక్క తల్లి బిడ్డలే.

గాలి లేనినాడు 48 మైళ్ళ దూరంలోని ఏలూరు 32వ నిమిషాన క్రిందికి రావలెను. ఆ లెక్క లేవకముందే కాగితంమీద వ్రాసి తొడమీద కట్టుకొనును. నైరుతి ఋతుపవనం 20 మైళ్ళ వేగంతో ఎదురు వీచిన దినాన అదే ఏలూరు 41వ నిమిషానికి గాని రాదు. ఈ తొమ్మిది నిమిషాలే ప్రమాదస్థానం. 32వ నిమిషం గడచినది, పట్టణం లేదు. మనస్సు తొందరపడి, ఎడమవైపున కనుపించిన ఏదో యొక పట్టణాన్ని ఏలూరనిపించును. రైలుకట్ట ఉన్నది కదా, కాలువ ఉన్నది కదా అని సాక్ష్యాలు కూడబెట్టును. తాడేపల్లిగూడెంలోను రైలుకట్ట ఉన్నది! గడియారం చూచి, పటం చూచి, ఆ పిమ్మట నేల చూడవలెనని గురువులు చెప్పుటకు కారణమిదే. ముందు నేలను చూచి దానికి తగినట్లు పటాన్ని వంచినవాడు ఎక్కడికైనను పోవును, గన్నవరానికి తప్ప.

దిక్కులో ఐదు డిగ్రీల పొరపాటు వచ్చినచో ఏలూరు చేరునప్పటికి నాలుగు మైళ్ళు ప్రక్కకు జరిగియుందురు. ఆ జరుగుట ఎడమకైనచో కొల్లేరు దాపున తేలుదురు. కొల్లేరును చూచి దారి సరిచూచుకొందమన్న, అదియు స్థిరమైన గుర్తు కాదు. వానకాలంలో పొంగును, వేసవిలో కుదించుకొనును; చుట్టునున్న చేపల చెరువులు ఎండలో మెరసి ఏది సరస్సో ఏది చెరువో తెలియనీయవు. అచ్చుపటంలోని నీలిరంగు గీతను నమ్మి కంటిముందరి నీటిని కొలువరాదు.

ఈ గాలి, ఈ లెక్క పెద్దవారినే తిప్పలు పెట్టినవి. ఏమీ జాన్సన్ 1930 మే 5న క్రాయ్డన్‌లో లేచి 24న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగినది. అంతకు ముందు ఆమె ఒంటరిగా పోయిన మిక్కిలి దూరం లండన్ నుండి హల్ వరకే. కరాచీ నుండి అలహాబాదుకు పోవుచు, ఇంధనం చాలక ఝాన్సీలో సైనికుల కవాతుమైదానంలో దిగవలసివచ్చినది. అదే యేట ఇంగ్లండు, ఇండియాల నడుమ ఒంటరిగా ఎగిరిన తొలి భారతీయునికి ఆగాఖాన్ బహుమతి ప్రకటింపబడి ఉన్నది. మన్మోహన్ సింగ్ తన విమానానికి ‘మిస్ ఇండియా’ అని పేరు పెట్టుకొన్నాడు. ఆంగ్లంలో మిస్ అనగా కుమారి అనియు, తప్పిపోవుట అనియు అర్థం గనుక, ఇతడు ఇండియాను తప్పిపోవునని ఒక బ్రిటిషు విమానపత్రిక ఎగతాళి చేసినది. అతడు ఇండియా చేరినాడు. గడువు మీరుటచే బహుమతి మాత్రం ఆస్పీ ఇంజనీరుకు దక్కినది.

నేడు ఉపగ్రహాలతో ముడిపడిన యంత్రం దారి చూపుచున్నది. అయినను గీత, గడియారం, గుర్తు అను పాఠం మాన్పింపలేదు. యంత్రం ఆగిపోయిననాడు మిగులునవి అవే. ఇక దారి తప్పినచో చేయవలసినదేమి? పైకి లేవవలెను, ఎత్తునుండి చూపు విరివిగా ఆనును. ఇంధనం పొదుపుచేయవలెను. రేడియోలో దారి తప్పితినని చెప్పవలెను. మూడింటిలో కష్టమైనది మూడవదే. ఇరువది యేండ్లవాడు, తరగతిలో ప్రశ్న తెలియకున్న తలవంచుకొనువాడు, వినువారందరి యెదుట ఆ మాట పలుకవలెను. ఆ సిగ్గుతో పది నిమిషాలు జాగుచేయుటయే పొరపాటును ఆపదగా మార్చును. మంచి గురువు శిష్యుని లెక్కలకన్న ముందు ఈ నోటిని పరీక్షించును.

గన్నవరంలో దిగి, ఇంధనం చూచుకొని, విద్యార్థి మరల లేచినాడు. ఈసారి ఈశాన్యంగా విశాఖ దిక్కునకు. గాలి వెనుకది. ఏలూరు ఇప్పుడు అనుమానం లేని ఏలూరు. ముప్పావు గంటలోపే గోదావరి తిరిగి వచ్చును. గీత దాదాపు వంతెనల మీదుగనే పోవును. ఎడమచేతి క్రింద, నాలుగైదు మైళ్ళలో, ఉదయం విడిచిన మధురపూడి. అక్కడ గురువు ఉన్నాడు, భోజనమున్నది, నేల ఉన్నది. ఆపద లేనిదే అక్కడ దిగరాదు. అతడు గడియారం చూచి, నది దాటిన నిమిషం కాగితంమీద వ్రాసికొని, తూర్పున తరువాతి గుర్తు కోసం చూచును. విశాఖకు ఇంకను తొంబది మైళ్ళు.