నకమురా వేగం చేతిలో లేదు

2022 డిసెంబరులో చెస్.కామ్ స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. హికారు నకమురా, మాగ్నస్ కార్ల్‌సన్ మూడు గంటల పాటు ఆట వెంట ఆట ఆడారు. అప్పటికి కార్ల్‌సన్ ఇంకా ప్రపంచ ఛాంపియనే. నకమురా ఒకే ఒక్క పాయింటు తేడాతో నెగ్గి, 2018 నుంచి వరసగా ఐదో ఏడు ఆ టైటిల్ నిలబెట్టుకున్నాడు. అతని ఆట చూసినవాళ్లు ముందుగా మెచ్చుకునేది మౌస్ మీద చేతి వేగాన్ని, రెండు సెకన్లు మిగిలినా తడబడని నిబ్బరాన్ని. ఆ మెప్పులో నిజం లేకపోలేదు గానీ అసలు సంగతి అందులో లేదు. నకమురా మిగతావాళ్లకన్నా వేగంగా ఆలోచిస్తాడని నేననుకోను. ఎక్కడ ఆలోచించనక్కర్లేదో అతనికి మిగతావాళ్లకన్నా బాగా తెలుసు. అతని గెలుపులకు మూలం ఈ తెలివే. పెద్ద టోర్నీల్లో అతనికి తగిలిన దెబ్బల్లో కొన్నింటికి కూడా మూలం ఇదేనని నా వాదన.

ముందు ఈ ఆటలో కాలం లెక్క ఎలా ఉంటుందో చూడాలి. క్లాసికల్ చెస్‌లో ఒక్క ఆట నాలుగైదు గంటలు సాగవచ్చు. ఒక్కో ఆటగాడికి మొత్తం ఆటకు పది నిమిషాలో, అంతకు తక్కువో ఇస్తే అది బ్లిట్జ్. ఆన్‌లైన్‌లో తరచుగా ఆడేది మూడు నిమిషాల ఆట, కొన్ని పోటీల్లో ఎత్తు వేసిన ప్రతిసారీ ఒక సెకను కలుస్తుంది. ఒక నిమిషం ఆటను బుల్లెట్ అంటారు. స్పీడ్ చెస్ పోటీలో ఐదు నిమిషాల ఆటలతో మొదలుపెట్టి, తర్వాత మూడు నిమిషాలవి, చివర్లో ఒక నిమిషానివి ఆడిస్తారు. మూడు నిమిషాలకు సెకను చొప్పున కలిసే ఆట అరవై ఎత్తులు సాగిందనుకోండి. ఆటగాడి చేతిలో ఉండేది మొత్తం 240 సెకన్లు, అంటే సగటున ఎత్తుకు నాలుగు. కానీ సగటున ఆడేవాడు ఓడిపోతాడు. నలభై ఐదు ఎత్తుల్ని రెండేసి సెకన్లలో ముగించగలిగినవాడికి మిగిలిన పదిహేను ఎత్తులకు పదేసి సెకన్లు దొరుకుతాయి. బ్లిట్జ్‌లో పది సెకన్లంటే తక్కువేమీ కాదు. రాబడి తక్కువైన ఇంట్లో నేర్పున్న ఇల్లాలు రోజువారీ ఖర్చు దగ్గర చెయ్యి బిగించి, పిల్లల ఫీజు నాటికి డబ్బు సిద్ధంగా ఉంచినట్టు, నకమురా కూడా సెకన్లను మామూలు ఎత్తుల దగ్గర మిగిల్చి, ఆట మలుపు తిరిగే చోట ఖర్చు పెడతాడు.

ఆ పొదుపు ఎలా సాధ్యమో మనస్తత్వ శాస్త్రం కొంత చెప్పింది. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగం చేశారు. నిజంగా జరిగిన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపించి, పావుల్ని మళ్లీ పేర్చమంటే మాస్టర్ చాలావరకు సరిగ్గా పేర్చాడు. అవే పావుల్ని ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే మాస్టర్‌కూ కొత్తగా నేర్చుకుంటున్నవాడికీ పెద్ద తేడా లేకపోయింది. అంటే మాస్టర్ మనసులో ఉన్నది అసాధారణమైన జ్ఞాపకశక్తి కాదు, వేలకొద్దీ అమరికలతో పరిచయం. 2004లో బ్రూస్ బర్న్స్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. మామూలు ఆటకు ఇచ్చే సమయంలో ఐదు శాతం కూడా లేని బ్లిట్జ్ ఫలితాలను తీసుకుని, ఆటగాళ్ల నైపుణ్యంలోని తేడాల్లో 81 శాతం దాకా వాటితోనే వివరించవచ్చని చూపించాడు. కానీ ఈ మాట ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. 2003లో క్రిస్టఫర్ షాబ్రీ, ఎలియట్ హర్స్ట్ ఒకే గ్రాండ్‌మాస్టర్లు ఆడిన క్లాసికల్ ఆటల్ని, అంతకన్నా తక్కువ సమయం ఇచ్చే ర్యాపిడ్ ఆటల్ని పోల్చి చూశారు. సమయం ఎక్కువ ఉన్నప్పుడు తప్పులు తగ్గాయి, చేసిన తప్పుల తీవ్రతా తగ్గింది. గుర్తుపట్టడం ఆటగాణ్ణి చాలా దూరం తీసుకెళ్తుంది, మిగిలిన దూరం లెక్కగట్టే నడవాలి. నకమురా కథంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

అతను 1987లో జపాన్‌లోని హిరకటాలో పుట్టాడు, రెండేళ్ల వయసులో అమెరికా చేరాడు, 2003లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఇంటర్నెట్‌లో చెస్ ఆడుతూ పెరిగిన మొదటి తరం వాడు. 2009లో బ్రూస్ హార్పర్‌తో కలిసి బుల్లెట్ చెస్ మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. ఒక నిమిషం ఆటను పెద్దలు కాలక్షేపంగా కొట్టిపారేస్తున్న రోజుల్లో దానికీ ఒక పద్ధతి ఉందని నమ్మి రాయడం చిన్న విషయం కాదు. ఆరంభపు ఎత్తుల్లోనూ అతని ధోరణి ప్రత్యేకం. బ్లిట్జ్‌లో తెల్లపావులతో చాలాసార్లు మంత్రి వైపు గుర్రం ముందున్న బంటును ఒక్క గడి జరిపి ఆట మొదలుపెడతాడు. గ్రంథాల ప్రకారం దానివల్ల తెలుపుకు గొప్ప లాభమేమీ లేదు. అయితే ప్రత్యర్థి ఇంట్లో గంటలకొద్దీ వల్లెవేసుకొచ్చిన ఎత్తులకు దానితో విలువ పోతుంది. అప్పుడు ఇద్దరూ సొంతంగా ఆలోచించాలి, అయితే ఆ అమరికలు నకమురాకు వేలసార్లు చూసినవి, ఎదుటివాడికి వందలసార్లే. రెండోవాడు ఆలోచనకు ఖర్చుపెట్టే ప్రతి సెకనూ మొదటివాడికి లాభమే. 2005లో సిగెమన్ టోర్నీలో చెన్నై గ్రాండ్‌మాస్టర్ కృష్ణన్ శశికిరణ్ మీద, అదీ క్లాసికల్ ఆటలో, రెండో ఎత్తుకే మంత్రిని బయటికి తెచ్చాడు. బడిపిల్లలకు ఆడొద్దని చెప్పే ఎత్తు అది. ఆట ఓడిపోయాడు. సమయం పుష్కలంగా ఉన్న శశికిరణ్ ముందు ఆశ్చర్యం ఒక్కటే ఆట గెలిపించలేదు. బ్లిట్జ్‌లో లాభించే నాణెం క్లాసికల్ బజారులో ఎంతవరకు చెల్లుతుందో ఆ ఒక్క ఆటే చెబుతుంది.

అతని ప్రతిభ నాకు అన్నింటికన్నా స్పష్టంగా కనిపించేది 2008లో రిబ్కా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ మీద ఆడిన మూడు నిమిషాల ఆటలో. అప్పట్లో రిబ్కాకు ఎదురు లేదు. ఎత్తుల లెక్కలో దాన్ని ఏ మనిషీ అందుకోలేడు. నకమురా ఆ లెక్కల పోటీలోకి దిగనే లేదు. బంట్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడేలా బల్లను మూసేసి, తన పావుల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. యాభై ఎత్తుల పాటు బంటు కదలకుండా, పావు చావకుండా ఆట సాగితే డ్రా కోరవచ్చనే నియమం ఉంది. తనదే పైచేయి అని లెక్క వేసుకున్న యంత్రం ఆ డ్రా తప్పించడానికి అక్కర్లేని చోట బల్లను తెరిచింది, తన కోటను తానే కూల్చుకుంది. ఆట 271 ఎత్తులకు నకమురా గెలుపుతో ముగిసింది. బంట్లు చివరి గడి చేరినప్పుడు వాటిని మంత్రులుగా కాక శకట్లుగా మార్చుకునేంత తీరిక అతనికి దొరికింది. మూడు నిమిషాల్లో అన్ని ఎత్తులు వేయడానికి చేతి వేగం కావాలి, కాదనను. కానీ ఆ ఆటను గెలిపించింది ఏ ఎత్తుకూ ఆలోచన అక్కర్లేని స్థితిని ముందే కట్టుకోవడం. మనుషుల మీద కూడా అతను ఇదే చేస్తాడు. సమానంగా ఉన్న, చూడటానికి జీవం లేని స్థితిలో డ్రాకు ఒప్పుకోకుండా ఆడుతూ పోతాడు. తనకు ప్రమాదం లేదు, ఎదుటివాడు మాత్రం ప్రతి ఎత్తుకూ ఏదో ఒకటి తేల్చుకోవాలి, గడియారం కరుగుతూ ఉంటుంది. ఓడిపోయే స్థితిలోనూ అంతే, ప్రత్యర్థి గెలుపును సులువు కానివ్వడు.

ఇదంతా ఆన్‌లైన్ మాయేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. తెర మీద ప్రీమూవ్ అనే సౌకర్యం ఉంది: ప్రత్యర్థి ఎత్తు పడకముందే మన ఎత్తు పెట్టి ఉంచవచ్చు, చెస్.కామ్‌లో దానికి సెకనులో పదో వంతే ఖర్చు. బల్ల మీద ఇది కుదరదు. పావును జరిపిన చేతితోనే గడియారం నొక్కాలి, పావు పడిపోతే మన సమయంలోనే నిలబెట్టాలి. ఈ ఆక్షేపణలో న్యాయం ఉంది, కానీ అదే సౌకర్యం ఎదుటివాడికీ ఉందన్నది మరచిపోకూడదు. ఇంకొక ఆక్షేపణ తీవ్రమైనది. 2023 నవంబరులో మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్, నకమురా 46 ఆటల్లో 45.5 పాయింట్లు సాధించిన ఒక పరంపరను ఎత్తిచూపి సందేహం లేవనెత్తాడు. చెస్.కామ్ పరిశీలించి, మోసానికి ఎలాంటి ఆధారమూ లేదని ప్రకటించింది. ఇక్కడ లెక్క సూటిగానే ఉంది. నకమురా ఆ వేదికపై ముప్ఫై వేలకు పైగా ఆటలు ఆడాడు, తనకన్నా రేటింగ్‌లో చాలా తక్కువవాళ్లతోనూ వరసగా ఆడుతుంటాడు. అన్ని ఆటల్లో ఎక్కడా అలాంటి పరంపర లేకపోతేనే వింత. పైగా ఆడుతూ ఆడుతూనే ప్రేక్షకులతో మాట్లాడతాడు, ప్రతి ఎత్తుకూ కారణం చెబుతాడు. అంతమంది వింటుండగా ఆ కారణాలు ఎత్తులతో పొసగుతున్నాయంటే ఎక్కువ ఎత్తులకు అతని పూర్తి ధ్యాస అక్కర్లేదనే అర్థం.

ఇక లోపాల సంగతి. ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవాణ్ణి తేల్చే 2022 క్యాండిడేట్స్ టోర్నీ చివరి రౌండ్లో డింగ్ లిరెన్‌తో డ్రా చేసుకుంటే నకమురాకు రెండో స్థానం ఖాయం. ఓడిపోయాడు. కార్ల్‌సన్ టైటిల్ నిలుపుకోవడానికి ఆడనని తేల్చడంతో ఆ రెండో స్థానమే ప్రపంచ టైటిల్ పోరుకు దారి అయింది. ఆ దారిన వెళ్లిన డింగ్ 2023లో ఛాంపియన్ అయ్యాడు. 2024 క్యాండిడేట్స్‌లో నకమురా మన విదిత్ గుజరాతీ చేతిలో రెండుసార్లు ఓడాడు. మొదటిసారి విదిత్ నల్లపావులతో, ఇంటి దగ్గర సిద్ధం చేసుకున్న శకటు బలితో దెబ్బ కొట్టాడు. చివరి రౌండ్లో పాయింట్లలో ముందున్న గుకేశ్ మీద తప్పక గెలవాల్సి ఉండగా నకమురా తెల్లపావులతో డ్రాతో సరిపెట్టుకున్నాడు. గుకేశ్‌కన్నా అర పాయింటు వెనకబడ్డాడు. కార్ల్‌సన్ మీద క్లాసికల్‌లో పన్నెండు ఓటముల తర్వాత 2016లో బిల్బావోలో గాని తొలి గెలుపు దక్కలేదు. ఈ ఆటలన్నిటికీ ఒకే కారణం అంటగట్టలేం. డింగ్ మీద ఓటమి ఒత్తిడి వల్ల కావచ్చు. అయినా వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఎదుటివాడికి సమయం ఉన్నప్పుడు, ఆరంభంలో అలవాటైన మామూలు ఎత్తు చాలనుకున్నప్పుడు, ఒకే ఒక్క సరైన ఎత్తును లోతుగా వెతకాల్సినప్పుడు పొదుపు అలవాటు అతనికి తోడు రావడం లేదు.

అలాగైతే బ్లిట్జ్ అతన్ని చెడగొట్టిందా? పాత తరం శిక్షకులు అవుననేవారు, సోవియట్ ఛాంపియన్ బోత్విన్నిక్‌కు ఈ ఆటంటే గిట్టేది కాదు. నకమురా విషయంలో ఆ మాట నిలవదు. రెండేళ్లకు పైగా ఎక్కువ సమయం తెర ముందే గడిపి 2022లో క్లాసికల్‌కు తిరిగి వచ్చి గ్రాండ్ ప్రి గెలిచాడు, 2023లో నార్వే చెస్ గెలిచాడు, 2025లో 37 ఏళ్ల వయసులో 2800 పైబడ్డ రేటింగ్‌తో ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్నాడు. చెడిపోయిన ఆటగాడు అక్కడ ఉండడు. వేల బ్లిట్జ్ ఆటలు అతని చూపుకు పదును పెట్టాయి. అవి ఇవ్వలేనిది ఒక్కటే: ఆ చూపును అనుమానించే అలవాటు. దాన్ని అతను వేరే సాధనతో తెచ్చుకోవాలి. ఆరంభాల తయారీలో ఇంకా లోతుకు వెళ్లాలి, అలవాటైన ఎత్తు చేతికి వచ్చినప్పుడే చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

స్పీడ్ చెస్‌లోనూ ఈ అవసరం కనిపిస్తోంది. 2024లో పారిస్‌లో జరిగిన సెమీఫైనల్లో అలీరెజా ఫిరూజా అతన్ని ఓడించాడు. 2003లో పుట్టిన ఫిరూజాదీ ఇంటర్నెట్ పెంచిన ఆటే, అమరికలు అతనికీ అంతే పరిచయం. పైగా చిక్కుముడి పడిన స్థితిలో లెక్కగట్టడానికి వెనకాడడు. అదే ఏడాది పుట్టిన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2025 డిసెంబరులో దోహాలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింటిలోనూ కాంస్యాలు గెలిచాడు. అర్జున్ కూడా సమానమైన స్థితిని వదిలేసి పోరు వెతుక్కునే ఆటగాడే. ఈ తరం ముందు గడియారం పొదుపు ఒక్కటే ఆధిక్యం ఇవ్వదు.

బల్ల మీద ప్రపంచ బ్లిట్జ్ టైటిల్ నకమురాకు ఇంతవరకు దక్కలేదు, 2022లో అల్మాటీలోనూ రజతమే. బంగారానికి బాగా దగ్గరకు వచ్చింది 2019లో మాస్కోలో. ఇరవై ఒక్క ఆటల తర్వాత అతను, కార్ల్‌సన్ 16.5 పాయింట్లతో సమానంగా నిలిచారు. టైబ్రేక్‌లో మొదటి ఆట డ్రా అయింది, రెండోది కార్ల్‌సన్ గెలిచాడు. ఇరవై ఒక్క ఆటల దాకా నకమురా పద్ధతికి ఏ లోటూ రాలేదు. అతను దిద్దుకోవాల్సింది ఆ ఇరవై మూడో ఆటను.