పడవ ఆయుష్షు నీటి అడుగున ఉన్నది

భిలాయి ఉక్కు నగరంలో పడవల ప్రస్తావన అరుదు. తాండుల జలాశయం నుండి కాలువ ద్వారా వచ్చే నీరు కర్మాగారం దాహం తీర్చడానికి ఉపయోగపడుతుంది. అయితే ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో కోనసీమ వారూ ఉన్నారు. ఉద్యోగ విరమణకు సిద్ధపడుతున్న అట్టి పెద్దమనిషి ఒకరు ఇటీవల నన్నడిగారు:

"ఊరికి వెళ్లి చిన్న పడవ కొనుక్కుందామనుకుంటున్నానండి. ఇంగ్లండులో కాలువ పడవలలోనే కాపురం ఉంటారట! వాళ్లు పడవను ఎలా కాపాడుకుంటారో కాస్త చదివి చెబుతారా?"

ఆ ప్రశ్న వెనుక ఒక పాత బాధ ఉన్నది. ఆయన తాతగారికి ధాన్యం మోసే పడవ ఉండేది. ఒక వేసవిలో డబ్బు చాలక మరమ్మతు వాయిదా వేశారు. ఆ ఏడే నిండు బస్తాలతో పడవ మునిగింది. మనుషులు బతికారు, అప్పు తీర్చడానికి పొలం అమ్మవలసి వచ్చింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి డెల్టా కాలువలు పంటకే గాక ప్రయాణానికీ దారులైనాయి. లాకులు దాటుతూ పడవలు ఊరూరా సరుకు చేరవేసేవి. కాలువలకు నీరు కట్టివేసే వేసవి రోజులే పడవకు వైద్యం చేసే కాలం.

కొయ్య పడవను ఏటా గట్టెక్కించి, నీడలో ఆరబెట్టాలి. మండుటెండలో పలకలు బీటలు వారుతాయి. సందులలోని పాత పీచు తీసివేసి, కొత్తది గట్టిగా కుక్కి, గుగ్గిలం కలిపిన నూనె పట్టించాలి. తిరిగి నీటిలో దింపినప్పుడు మొదట కొంత నీరు ఊరడం సహజం. కొయ్య ఉబ్బి సందులు మూసుకుంటాయి. రెండు మూడు రోజులైనా ఊట ఆగకపోతే పడవను మళ్లీ పైకి తీయవలసిందే. లోపల నిలిచిన వాన నీటిని ఎప్పటికప్పుడు తోడివేయాలి. కొయ్యను కుళ్లబెట్టేది ముఖ్యంగా అదే. ఉప్పుటేరులలో తిరిగే పడవను కొయ్య తొలిచే పురుగు పడుతుంది. కొన్ని వారాలు మంచినీటిలో ఉంచితే ఆ పురుగు చస్తుంది.

ఇనుప పడవకు ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. ఉక్కు నగరవాసులకు తుప్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు. గాలీ నీరూ కలిసే నీటిగీత వద్ద తుప్పు ఎక్కువగా తింటుంది. ఇంగ్లండు కాలువ పడవలకు అడుగు పలక సాధారణంగా 10 మిల్లీమీటర్లు, పక్క పలకలు 6 మిల్లీమీటర్లు మందం ఉంటాయి. రెండు మూడేళ్లకొకసారి పడవను పైకెత్తి, అడుగు గీకి, నల్లని రక్షణ పూత వేస్తారు. మెగ్నీషియం దిమ్మెలను అడుగున బిగిస్తారు. ఉక్కుకు బదులు అవి కరిగిపోతాయి. పాత పడవ కొనేవారు రంగు చూసి మోసపోరాదు. శబ్ద తరంగాలతో పలక మందం కొలిపించిన తరువాతనే బేరం కుదుర్చుకోవాలి.

మన కాలువలలో గుర్రపుడెక్క మరొక చిక్కు. అది మరకు చుట్టుకున్నప్పుడు ఇంజను పూర్తిగా ఆపకుండా చేయి పెట్టరాదు. యంత్రంతో నడిచే పడవకు 2021 నాటి దేశీయ జలయానాల చట్టం ప్రకారం నమోదు, తనిఖీ అవసరం. బరువు హద్దు తెలిపే గీత పడవ పక్కన స్పష్టంగా ఉండాలి. ఆ గీత మునిగేటంత బరువు ఎక్కించరాదు. ఎక్కిన ప్రతివారికీ ప్రాణరక్షక కవచం ఉండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో జరిగిన ఘోరాన్ని మరచిపోరాదు.

ఇదంతా విని ఆయన కొంతసేపు మౌనంగా ఉన్నారు. "అయితే కొనడం తేలికేనండి, ఉంచుకోవడమే కష్టం," అన్నారు.

మరునాడు ఆయన బ్యాంకుకు వెళ్లి ఒక ఖాతా తెరిచారు. పడవ ఇంకా కొనలేదు. ఆ ఖాతాలో వేసినది మొదటి వేసవి మరమ్మతు ఖర్చు.