తక్కువ తింటే తొందరగా తగ్గుతామా?



పొద్దున ఒక కప్పు బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం కీరదోస ముక్కలు, రాత్రికి ఒక యాపిల్. మొదటి వారం మూడు కిలోలు తగ్గాయి. మూడో వారం నుంచి వెయింగ్ మెషీన్ మీద అంకె కదలడం లేదు. "ఇంకా తగ్గించి తినాలా?" అని అమ్మలూ అడుగుతున్నారు, ఈమధ్య నాన్నలూ అడుగుతున్నారు. పెద్దవాళ్ల డైటింగ్ గురించి స్కూల్ పత్రికలో ఎందుకు అనుకోకండి. మీరు కంచంలో ఏం పెట్టుకుంటున్నారో, ఏం పక్కకు నెట్టేస్తున్నారో ఎదురుగా కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి గమనిస్తూనే ఉంటుంది.

"బాగా తక్కువ తింటే ఒళ్లు స్టార్వేషన్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది, ఇక బరువు తగ్గరు, పైగా పెరుగుతారు" అనే మాట యూట్యూబ్‌లో మీరూ వినే ఉంటారు. అక్షరాలా అది నిజం కాదు. ఖర్చయ్యే శక్తి కంటే తక్కువ తింటే ఎవరైనా తగ్గుతారు. కానీ ఆ మాటలో కొంత నిజం ఉంది. తగ్గే వేగం పడిపోతుంది, తగ్గేదంతా కొవ్వు కాదు, తగ్గినది నిలబడదు.

మొదటి వారం మూడు కిలోల సంగతి ముందు చూద్దాం. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో కొంత శక్తి నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే. దానితో పాటు నీరూ పోతుంది. మిషన్ చూపించిన మూడు కిలోల్లో ఎక్కువ భాగం ఇదే. ఒక పెళ్లి భోజనం చేయగానే రెండు కిలోలు తిరిగి వచ్చేసేదీ ఇందుకే. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు కావాలి. వారంలో మూడు కిలోల కొవ్వు అంటే లెక్క ఎంతకు తేలుతుందో మీరే వేసి చూడండి.

ఆ తర్వాత శరీరం పొదుపు మొదలుపెడుతుంది. జీతం సగానికి పడిపోతే మనం ఏం చేస్తాం? కరెంటు, పెట్రోలు, సినిమాలు అన్నీ తగ్గించేస్తాం. ఒళ్లు కూడా అంతే. చలి ఎక్కువ అనిపిస్తుంది, మెట్లెక్కబుద్ధి కాదు, తెలియకుండానే కదలికలు తగ్గిపోతాయి. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోను తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. తిండిలో మాంసకృత్తులు చాలకపోతే కండ కూడా కరుగుతుంది. కూర్చున్నప్పుడు కూడా శక్తి ఖర్చు పెట్టేది కండ. అది తగ్గితే రోజువారీ ఖర్చూ తగ్గుతుంది.

దీన్ని శాస్త్రవేత్తలు చాలాకాలం క్రితమే చూశారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1945లో ఆన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీలే ఇచ్చింది. అంతకుముందు వాళ్లు తినేదానిలో అది సగం. వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. అయితే విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి 40 శాతం వరకు పడిపోయింది. రోజంతా తిండి ధ్యాసే. కొందరు వంట పుస్తకాలు ముందేసుకుని చదువుతూ కూర్చునేవారు. తిరిగి మామూలు తిండి పెట్టాక ఎంత తిన్నా ఆకలి తీరలేదు. కండ పూర్తిగా తిరిగి రాకముందే కొవ్వు పాత స్థాయిని దాటిపోయింది. డైటింగ్ మానేశాక ముందుకన్నా లావయ్యామని చాలామంది చెప్పేదానికీ దీనికీ ఎంత పోలిక ఉందో చూడండి. "ది బిగ్గెస్ట్ లూజర్" అనే అమెరికన్ టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి అంచనా కన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా తేలింది. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి.

కేలరీలతో పాటు పోయేవి ఇంకా ఉన్నాయి. రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది. నెలసరి తప్పుతుంది. వేగంగా తగ్గేవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా తిండి మానేయడం మరీ ప్రమాదం.

మరి ఎంత తగ్గించాలి? మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో తగ్గడం సురక్షితమని, బరువు తగ్గే ఆహారమైనా రోజుకు 1,000 కేలరీలకు దిగువకు పోకూడదని చెబుతోంది. ఇక్కడ ఒక చిక్కుంది. రోజుకు 500 తగ్గించండి అని అందరికీ ఒకే సలహా ఇస్తుంటారు. కానీ ఎక్కువగా కూర్చుని పనిచేసే, 55 కిలోల మహిళకు రోజుకు కావలసినదే సుమారు 1,660 కేలరీలు. అందులోంచి 500 తీసేస్తే మిగిలేది ఆ కనీస హద్దుకు దగ్గరగా వచ్చేస్తుంది. అలాంటివాళ్లు తిండిలో 250 నుంచి 300 తగ్గించి, మిగతాది నడకతో ఖర్చు చేయడం మేలని మా అభిప్రాయం.

ఆ 300 ఎక్కడ దొరుకుతాయి? ఇడ్లీలో వెతక్కండి. కూరలో పడే ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు దాటుతుంది. రోజుకు మూడు టీలు, ఒక్కోదానిలో రెండు చిన్న చెంచాల చక్కెర అంటే మరో 120. సాయంత్రం మిక్చర్ ప్యాకెట్ సంగతి చెప్పనక్కర్లేదు. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, ఆకుకూర, మజ్జిగ, ఉడికించిన శనగలు, గుడ్డు పెంచండి. కండ నిలబడాలంటే మాంసకృత్తులతో పాటు బరువులెత్తడమో, కనీసం కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామమో ఉండాలి.

పిల్లల విషయంలో ఈ లెక్కలేవీ పనికిరావు. మధ్యస్థంగా శ్రమ చేసే 13-15 ఏళ్ల అమ్మాయికి రోజుకు సుమారు 2,400, అబ్బాయికి 2,860 కేలరీలు కావాలి. అంటే బిడ్డకు కావలసినది అమ్మకంటే ఎక్కువ. ఎముకలు గట్టిపడేదీ, ఎత్తు పెరిగేదీ ఈ ఏళ్లలోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ స్థితిలో పొద్దున టిఫిన్ మానేసి ఫస్ట్ పీరియడ్‌లో కూర్చుంటే లెక్కలు ఎలా బుర్రకెక్కుతాయి? లావుగా ఉన్న పిల్లలకైనా తిండి కోయడం కన్నా ఆట పెంచడం, కూల్‌డ్రింకులు, చిప్స్ తగ్గించడం ముందు చేయాల్సిన పని. చుట్టాల ముందు "మా పాప బొద్దుగా ఉంటుంది" అనే మాట కూడా ఆపేయండి.

లంచ్ బాక్స్ నిండుగా తిరిగి వస్తున్నా, "స్కూల్లో తినేశా" అని రాత్రి భోజనం తప్పించుకుంటున్నా, తరచూ కళ్లు తిరుగుతున్నా, రెండు మూడు నెలలు నెలసరి రాకపోయినా గట్టిగా మందలించకండి, డాక్టరుకు చూపించండి. క్లాస్ టీచర్‌కు డైరీలో ఒక ముక్క రాయండి. లంచ్ అవర్‌లో గమనించి, నలుగురిలో బయటపెట్టకుండా మీకు ఫోన్ చేసి చెబుతారు.