ఊరిబడిలో వెబ్ సర్వరు

పులికాట్ సరస్సునకు చేరువనున్న చిట్టమూరు వంటి ఊరి బడిలో, విద్యార్థులు తమ పంటలను గూర్చియు, కొల్లేటి కొంగల వలె ఏటేట వలసవచ్చు పక్షులను గూర్చియు తెలుగున వ్రాసిన పుటలను తోటివారెల్లరు ఫోనులలో చదువుకొనవలెనన్న, అందులకు వలసినది ధనరాశి కాదు. పాత కంప్యూటరొకటి, వైఫై రౌటరొకటి, ఉచితముగ లభించు లినక్సు, పుటలను అందించు అపాచీ సర్వరు చాలును.

1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సును, 1995లో వెలువడిన అపాచీ సర్వరును ఎవరైనను పరిశీలింపవచ్చును, మార్చుకొనవచ్చును, పరులకు పంచవచ్చును. తెలుగునాట ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు భావమును ప్రచారము చేసి, లినక్సునకు తెలుగు రూపమును సమకూర్చిన సంస్థ హైదరాబాదునందలి ‘స్వేచ్ఛ’.

పాత కంప్యూటరులో లినక్సు రకములలో ఒకటైన డెబియన్‌ను ఎక్కించి, నెట్ ఉండగా టెర్మినలులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అపాచీ2’ అని ఆంగ్లాక్షరములతో ఆదేశించినచో సర్వరు తనంతట తానే మేల్కొని 80వ పోర్టున ఎదురుచూచును. బ్రౌజరులో ‘లోకల్‌హోస్ట్’ అని కొట్టగనే స్వాగతపుట కనబడును. దాని స్థానమున మన పుటను నిలుపవలెను. ఆ పుటను యుటిఎఫ్-8 పద్ధతిని భద్రపఱచి, ఆ సంగతిని పుట శిరోభాగమున ప్రకటింపనిచో తెలుగక్షరములు చెదరిపోవచ్చును. సర్వరు అమరికలు మార్చిన ప్రతిసారియు ‘కాన్ఫిగ్‌టెస్ట్’తో తప్పులు వెదకి, పిదపనే సర్వరును రీలోడు చేయుట క్షేమము. ఆ మీదట, నెట్ లేకున్నను, అదే వైఫైలోని ఫోనులన్నియు ఆ పుటలను అందుకొనగలవు.

ఉపాధ్యాయులారా, మూలబడిన కంప్యూటరును పాఱవేయకుడు; దానిని పిల్లల చేతికిండు.