మనిషికి ఆరు, సరస్సుకు ఎన్ని?

అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న మినెసోటా రాష్ట్రంలో పదెకరాలు, అంతకు మించిన సరస్సులు 11,842 ఉన్నాయి. చలికాలమంతా వాటి మీద కార్లు తోలేంత మందాన మంచు పేరుకుంటుంది. అది కరిగాక, మే నెలలో ఒక శనివారం నాడు, వాల్‌ఐ అనే చేపకు గాలం వేయడానికి అనుమతి మొదలవుతుంది. ఆ రాష్ట్రంలో అది పండగ రోజే. గవర్నరు స్వయంగా వెళ్లి గాలం వేసే ఆనవాయితీ 1948 నుంచీ ఉంది. ఇది పొట్టకూటి వేట కాదు, సరదా వేట. పట్టిన చేపను అమ్మడానికి వీల్లేదు. వండుకు తినొచ్చు, లేదంటే నీళ్లలో వదిలేయొచ్చు. అయినా ఎప్పుడు పట్టాలి, ఎన్ని పట్టాలి, ఎంత పొడవున్నవి అట్టేపెట్టుకోవాలి అన్న ప్రతిదానికీ నిబంధన ఉంది. పదహారేళ్లు నిండినవాళ్లు లైసెన్సు తీసుకోవాలి. మినియాపొలిస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వారాంతంలో గాలం పుచ్చుకుని బయల్దేరినా అంతే. ఈ నిబంధనల్లో జనం నోట ఎక్కువగా నానేది ‘మనిషికి ఇన్ని’ అన్న అంకె. సరస్సును కాపాడటంలో అన్నిటికన్నా తక్కువ పనిచేసేదీ అదేనని నా అభిప్రాయం.

ముందు కాలం సంగతి చూద్దాం. వాల్‌ఐ బంగారు ఛాయ కలిసిన ముదురాకుపచ్చ చేప. తోక కింది కొసన తెల్లటి మచ్చ ఉంటుంది. కళ్ల వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉండటంతో సందెవేళ, కలక నీటిలో కూడా బాగా చూడగలదు, చిన్న చేపలు దీన్ని పసిగట్టేలోపే వాటిని పట్టేస్తుంది. మంచు కరిగిన కొద్ది రోజులకే గులకరాళ్లున్న లోతులేని చోట్లకూ, వాగుల్లోకీ చేరి గుడ్లు పెడుతుంది. పెద్ద ఆడచేప లక్షల్లో పెడుతుంది, పెట్టాక వాటి వంక చూడదు. ఆ రోజుల్లో చేపలన్నీ ఒకేచోట గుమిగూడతాయి కాబట్టి పట్టడం మహా తేలిక. ఫిబ్రవరి చివర్లో వేట మూసి మే మధ్యలో తెరిచేది అందుకే. మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. బాస్ చేపది మరో తీరు. మగది అడుగున గూడు చేసుకుని గుడ్లకు, పిల్లలకు కాపలా కాస్తుంది. దాన్ని గాలంతో పైకి లాగి, ఫొటో తీసుకుని వదిలే ఆ కాసేపట్లోనే చిన్న చేపలు గూటి మీద పడి గుడ్లు తినేస్తాయి. కాలనియమానికి ఉన్న బలం ఏమిటంటే, ఎంతమంది వచ్చారన్న దానితో దానికి పనిలేదు. మూసిన రోజున రేవుకు ఒక్కడు వచ్చినా, వెయ్యిమంది వచ్చినా పట్టాల్సింది సున్నా.

అంకెకు ఆ బలం లేదు. మినెసోటాలో వాల్‌ఐ పరిమితి 1956లో మనిషికి ఆరుగా పెట్టారు. దశాబ్దాల పాటు రాష్ట్రమంతటికీ అదే నడిచింది. ఇంట్లో ఫ్రీజర్‌లో దాచుకున్నవి కూడా ఆ ఆరులోనే లెక్క. చూడటానికి గట్టి నియమమే. కానీ గాలం వేసేవాళ్లలో ఎక్కువమంది ఒకటో రెండో పట్టుకునో, ఉత్త చేతులతోనో ఇంటికి పోతారు. ఆరూ నిండేది బహు కొద్దిమందికే. కాబట్టి ఆరును అయిదు చేసినా, నాలుగు చేసినా మొత్తం పట్టుబడిలో తగ్గేది జనం ఊహించుకున్నంత ఉండదు. అసలు లోపం ఇంకో చోట ఉంది. ఊరి చెరువులో తలా ఒక బిందె నీళ్లు తీసుకోవచ్చని దండోరా వేసి, ఎన్ని ఊళ్లవాళ్లు వస్తారో చూడకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కెనడా శాస్త్రవేత్త జాన్ పోస్ట్, ఆయన సహచరులు 2002లో రాసిన వ్యాసంలో సరదా వేట వల్ల సరస్సులు ఎవరి కంటా పడకుండానే క్షీణించిపోవచ్చని హెచ్చరించారు. సముద్రంలో చేప తగ్గితే మార్కెట్లో తెలుస్తుంది, పడవలవాళ్లు గగ్గోలు పెడతారు. వేల సరస్సుల మీద చెల్లాచెదురుగా ఉన్న సరదా వేటగాళ్లు, ఒకచోట దొరక్కపోతే కారెక్కి పక్క సరస్సుకు పోతారు. గొడవే ఉండదు. ఈమధ్య లైవ్ సోనార్ వచ్చి, పడవ ముందు చేప ఎటు కదులుతోందో తెర మీద చూసుకుంటూ గాలం వేయడం మొదలైంది. 1956 నాటి ఆరు, ఈనాటి ఆరు ఒక్కటి కావు.

మనుషుల్ని కాక సరస్సునే లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో రెడ్ లేక్‌లో చూడొచ్చు. ఉత్తర మినెసోటాలోని ఈ జంట సరస్సుల్లో ఎక్కువ భాగం రెడ్ లేక్ ఒజిబ్వే ఆదివాసీ తెగది, తూర్పున కొంత భాగం రాష్ట్రానిది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో మొదలైన వాణిజ్య వేట ఎనభై ఏళ్లు సాగి, 1990ల నడిమికి వాల్‌ఐని దాదాపు తుడిచిపెట్టింది. 1997లో తెగ మత్స్యకారులే వాణిజ్య వేట ఆపేయాలని తీర్మానించుకున్నారు. 1999లో తెగ, రాష్ట్రం, కేంద్రం ఒప్పందం కుదుర్చుకుని వాల్‌ఐ వేటను పూర్తిగా ఆపేశాయి. 1999, 2001, 2003 సంవత్సరాల్లో కోట్ల సంఖ్యలో పిల్లచేపలు వదిలారు. 2006 మే నెలలో వేట మళ్లీ తెరిచారు. రాష్ట్రం వైపు పరిమితి మొదట్లో మనిషికి రెండే. ఇక్కడ చేటు చేసింది ప్రధానంగా వలలే, గాలాలు కాదు. కానీ కోలుకున్న తీరు చూడాలి. తలా ఇన్ని తగ్గించుకోవడం వల్ల ఆ సరస్సు తేరుకోలేదు. మొత్తం పట్టుబడిని సున్నాకు దించి కొన్నేళ్లు ఓపిక పట్టడం వల్ల తేరుకుంది.

మిలాక్స్ సరస్సు కథ ఇంత సాఫీగా లేదు. 1,32,000 ఎకరాల పైచిలుకు విస్తీర్ణం, ఎంత లోతున్నా నలభై రెండు అడుగులే. చుట్టూ రిసార్టులు, ఎరలు అమ్మే దుకాణాలు, పడవలు అద్దెకిచ్చేవాళ్లు. 1837 ఒప్పందంలో ఒజిబ్వే తెగలు భూమిని వదులుకున్నా వేటాడే, చేపలు పట్టే హక్కును వదులుకోలేదు. ఆ హక్కు ఇంకా బతికే ఉందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. రాష్ట్రం, ఎనిమిది తెగలు కూర్చుని ఏటా సరస్సు మొత్తానికి ఒక కోటా కడుతున్నాయి. అందుకు చాలా పని ఉంది. శరదృతువులో సర్వే వలలు వేసి చేపల్ని కొలుస్తారు. చెవిలోని చిన్న ఎముకలో ఉండే వలయాలు లెక్కించి వయసు కడతారు. రేవుల దగ్గర ఉద్యోగులు నిలబడి, తిరిగొచ్చే ప్రతి పడవనూ ఎన్ని గంటలు ఉన్నారు, ఎన్ని పట్టారు, ఎన్ని వదిలారు అని అడుగుతారు. ఈ లెక్కల్లోనే చేదు నిజం బయటపడింది. 2013లో 2,50,000 పౌన్లున్న కోటా 2014లో 60,000కు, 2015లో 40,000కు పడిపోయింది. గుడ్లు పొదుగుతున్నాయి, పిల్లలు పుడుతున్నాయి, కానీ ఒకటి రెండేళ్లు దాటి బతకడం లేదు. నీరు తేటపడి వేడెక్కింది. 2005లో జీబ్రా మస్సెల్ అనే పరాయి దేశపు ఆల్చిప్ప, 2009లో ముళ్ల నీటిఈగ సరస్సులో బయటపడి, పిల్లచేపల తిండిని లాక్కున్నాయి. 2015లో రాష్ట్రం వాటా 28,600 పౌన్లు జులై ముగిసేలోగానే అయిపోయింది. ఆగస్టు 3న వాల్‌ఐ వేట మూసేశారు. మనిషికి ఇన్ని అన్న అంకె ఒక్కటే ఉండి ఉంటే ఆ వేసవి అలాగే సాగిపోయేది, మూసేయాల్సిన అవసరం ఉందన్న సంగతే ఎవరికీ తెలిసేది కాదు.

అప్పుడు రిసార్టుల యజమానులు మొదట వేలెత్తి చూపింది తెగల వలల వైపు. గుడ్లు పెట్టే రోజుల్లో వలలు వేస్తుంటే మా గాలాల మీద ఆంక్షలేమిటని అడిగారు. ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు, వసంతంలో వలకు చిక్కేవి గుడ్లు పెట్టే పెద్ద చేపలే. కానీ 2015 కోటాలో తెగల వాటా 11,400 పౌన్లు, రాష్ట్రం వాటాలో సగం కూడా కాదు. పైగా తెగల చేప రేవు మీదికి రాగానే లెక్క పడుతుంది. గాలాలవాళ్ల చేప మాత్రం సర్వేల మీద కట్టిన అంచనా. పుట్టిన పిల్లలు ఎదగకపోవడమే సమస్య అయినప్పుడు, ఆ పిల్లలు చిక్కని వలల్ని తప్పుపట్టి లాభం లేదు. పక్కవాడు ఎక్కువ తీసుకుంటున్నాడన్న అనుమానం ఉంటే దానికి విరుగుడు ఇద్దరి చేపనూ ఒకే పద్దులో రాయడమే, మిలాక్స్‌లో జరిగేదీ అదే.

ఇంకొందరిది మెత్తటి వాదన: పట్టిన చేపను వదిలేస్తే పోలేదా, కోటాలెందుకు? మిలాక్స్‌లో 2016లో సరిగ్గా అదే చేశారు. ఒక్క వాల్‌ఐని కూడా ఇంటికి తీసుకెళ్లకూడదన్నారు. అయినా ఆ వేసవిలో రాష్ట్రం తన వాటా దాటిపోయింది. వదిలిన చేపల్లో కొన్ని చచ్చిపోతాయి, వాటినీ పద్దులో రాస్తారు. కొక్కెం పెదవికి తగులుకుంటే చేప బతుకుతుంది. మింగేసి మొప్పల దాకా దిగితే నెత్తురు కారి చస్తుంది. నీరు చల్లగా ఉండే మే నెలలో చావులు నామమాత్రం, జులై, ఆగస్టుల్లో నీరు వేడెక్కాక అవి బాగా పెరుగుతాయి. రోజంతా పట్టి వదిలిన సజ్జనుడు, రెండు పట్టుకుని ఇంటికెళ్లిపోయినవాడి కన్నా ఎక్కువ చేపల్ని చంపి ఉండొచ్చు. పొడవు నియమాలు పెట్టినా ఇదే చిక్కు. నోరు మూసి, తోక రెక్కల్ని దగ్గరికి నొక్కి కొలబద్ద మీద పెడితే అరంగుళం తేడాతో ఆ చేపను వదలాల్సి వస్తుంది. కొక్కెం ఊడదీసి, కొలిచి, వదిలేసరికి అది సగం చచ్చే ఉంటుంది. గుడ్లు పెట్టే పెద్ద ఆడచేపల్ని కాపాడే ఉద్దేశంతో పెట్టినవి కనుక ఈ నియమాలు మంచివే. ఖర్చు లేనివి మాత్రం కావు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని ఎస్కనాబా సరస్సు. 1946 నుంచి అదొక పరిశోధనా సరస్సు. గాలం వేసే ప్రతివాడూ ఉచిత పర్మిట్ తీసుకోవాలి, వెళ్లేటప్పుడు పట్టిన ప్రతి చేపనూ చూపించాలి. అంతకుమించి మూసివేత కాలం లేదు, పరిమితి లేదు, పొడవు నియమం లేదు. 2003 దాకా అలాగే నడిచింది, వాల్‌ఐ నశించిపోలేదు. మరి నిబంధనలెందుకని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నాకు అందులో కనిపించేది వేరు. ఎస్కనాబాలో పరిమితి లేదు గానీ లెక్క ఉంది, అదీ నూటికి నూరుపాళ్లు. పైగా వాల్‌ఐ అక్కడ తనంతట తానే బాగా వృద్ధి చెందుతుంది. అన్ని సరస్సులూ అలాంటివి కావు. ఉత్తర విస్కాన్సిన్ సరస్సుల 28 ఏళ్ల లెక్కల్ని పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనం, ఒక ఏడాదిలో సరస్సు పెంచిన చేప బరువునూ, జనం తీసుకెళ్లిన బరువునూ పక్కపక్కన పెట్టి చూసింది. నూటికి దాదాపు నలభై చోట్ల తీసుకెళ్లిందే ఎక్కువ. మామూలు పద్ధతిలో తలల లెక్క చూసే అధికారుల అంచనాలకు ఇది పది రెట్లకు పైమాటే. చేపల రాశి ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది, తీసుకెళ్లేది మాత్రం తగ్గలేదు. ఆ ఏళ్లలో పరిమితులు లేవా అంటే, ఉన్నాయి.

తక్కువైతే హేచరీ పిల్లల్ని తెచ్చి వదలొచ్చు కదా అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. రెడ్ లేక్‌లో వదిలిన పిల్లలు బతికింది వేట ఆపారు కాబట్టి. మిలాక్స్‌లో పిల్లలకు కొరత లేదు, వాటికి ఎదిగే దారే మూసుకుపోయింది.

మిగిలింది బతుకుతెరువు ప్రశ్న, ఖర్చు ప్రశ్న. మిలాక్స్ మూతపడ్డప్పుడు నష్టపోయింది సరదా వేటగాళ్లు కాదు, వాళ్ల మీద ఆధారపడ్డ చిన్న రిసార్టులవాళ్లు. వాళ్లను ఆదుకునేందుకు ప్రత్యేక శాసనసభ సమావేశం పెడదామని అప్పటి గవర్నరు మార్క్ డేటన్ ప్రయత్నించినా కుదరలేదు. మన తీరంలో వేట నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. సరస్సును మూసే అధికారం చేతిలో ఉంచుకున్న రాష్ట్రం అలాంటి ఏర్పాటు ముందే చేసుకోవాలి. లేకపోతే కోటా మీద కోపం తెగల మీదికి, ఉద్యోగుల మీదికి మళ్లుతుంది. ఇక లెక్కింపుకు డబ్బు కావాలి. లైసెన్సు రుసుములు, గాలం సామాన్ల మీద కేంద్రం వసూలు చేసే పన్ను ఆ ఖర్చును కొంత భరిస్తున్నాయి. అయినా మినెసోటా ఏటేటా వివరంగా సర్వే చేయగలిగేది పెద్ద వాల్‌ఐ సరస్సులు పదింటినే. మిగతా వేల సరస్సుల్లో ఏటేటా ఇంత లెక్క కట్టడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఇప్పుడున్న పద్ధతిని తిరగేయాలంటాను. రాష్ట్రమంతటికీ ఉదారంగా ఒక అంకె పెట్టి, దెబ్బతిన్న సరస్సుల్లో దాన్ని తగ్గించడం కాదు. లెక్కలేని సరస్సులన్నిటికీ రెండో మూడో పెట్టి, ఏటా కొలిచి ఇంత మిగులుందని చూపించగలిగిన చోటే దాన్ని నాలుగుకో ఆరుకో పెంచాలి. అప్పుడు తమ సరస్సును కొలవండని అడిగేది రిసార్టులవాళ్లే అవుతారు.