టీకా సీసా మీది చతురస్రం

అరకులోయ చుట్టుపక్కల ఏజెన్సీ గ్రామాలకు పోలియో చుక్కలు చేరాలంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఫ్రిజ్ నుంచి తీసిన సీసాలను వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్‌ప్యాకుల నడుమ సర్ది, జీపు పోగలిగినంత మేర జీపులోను, ఆపైన కొండదారిన కాలినడకను మోసుకుపోవలసి ఉంటుంది. దారిలో మందు ఎంత వేడికి ఎంతసేపు గురైందో చుక్కలను చూసి ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి తెలిపేది సీసా మీద ఉండే చిన్న వృత్తం, దాని నడుమనున్న చతురస్రం. ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంలు వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) అని పిలిచే ఈ గుర్తులో చతురస్రం వృత్తం కంటే లేతగా ఉన్నంతవరకు మందు వాడవచ్చు. రెండూ ఒకే రంగుకు వచ్చాయంటే పారవేయవలసిందే.

చతురస్రంలో ఉన్నది డైఎసిటిలీన్ వర్గపు పదార్థం. జర్మన్ రసాయనవేత్త గెర్హార్డ్ వెగ్నర్ 1969లో వివరించినట్లు, స్ఫటికంలో వరుసగా పేర్చినట్లుండే ఈ అణువులు కరగకుండానే, ఉన్నచోటి నుంచి దాదాపు కదలకుండానే, ఒకదానితో ఒకటి కలిసి పొడవాటి గొలుసులవుతాయి. విడి అణువుకు రంగు లేదు, గొలుసుకు ముదురు రంగు ఉంది. ఏర్పడిన గొలుసు చల్లబరిచినంత మాత్రాన విడిపోదు కనుక, సీసాను తిరిగి మంచులో పెట్టి గుర్తును ఏమార్చడం కుదరదు.

వేడికి రంగు మారే పదార్థాలు చాలానే ఉన్నాయి. మందు చెడే తీరులోనే రంగు మారేదాన్ని కుదుర్చుకోవడంలో నేర్పంతా ఉంది. అందుకు చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో తెలియాలి. చక్కెర ద్రావణం ఆమ్లంలో విడిపోయే వేగాన్ని 1850లో శాస్త్రవేత్త విల్‌హెల్మీ ధ్రువిత కాంతితో కొలిచాడు. అదే చర్యను ఆధారం చేసుకుని 1889లో రసాయనవేత్త స్వాంటే అర్హీనియస్, ఉష్ణోగ్రతతో చర్యా రేటు పెరిగే పద్ధతికి సూత్రం కట్టాడు. చర్య జరగడానికి అణువులు దాటవలసిన శక్తి అవరోధాన్ని ఉత్తేజన శక్తి అంటారు. అది ఎంత ఎక్కువైతే ఉష్ణోగ్రత మార్పుకు చర్యా రేటు అంతగా మారుతుంది. టీకాను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద ఉంచి, సత్తువ తగ్గే రేటును కొలిచి, దాని సంవర్గమానాన్ని పరమ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే వచ్చే సరళరేఖ వాలులో ఈ శక్తి దొరుకుతుంది. చతురస్రపు వాలు టీకా వాలుకు దగ్గరగా ఉండాలి. రెండింటినీ 37 డిగ్రీల వద్ద సరిపెట్టి, చతురస్రానికి తక్కువ ఉత్తేజన శక్తి ఉంచితే ఫ్రిజ్‌లో మంచి మందే ముందుగా చెత్తబుట్ట పాలవుతుంది. ఎక్కువ ఉంచితే చల్లదనంలో గుర్తు వెనకబడి, సత్తువ తగ్గిన మందును కూడా మంచిదని చూపుతుంది. రెండో తప్పే ప్రమాదకరం.

వీవీఎం-14 రకం గుర్తు 37 డిగ్రీల వద్ద 14 రోజుల్లో, 25 డిగ్రీల వద్ద 90 రోజుల్లో పారవేసే దశకు చేరుతుంది. అంటే 12 డిగ్రీలు తగ్గేసరికి చర్య ఆరు రెట్లకు పైగా మందగిస్తుందన్న మాట. 5 డిగ్రీల వద్ద అదే గుర్తు మూడేళ్లు దాటి నిలుస్తుంది. అన్నిటికంటే త్వరగా చెడే పోలియో చుక్కలకు వీవీఎం-2 వాడతారు. దాని గడువు 37 డిగ్రీల వద్ద రెండే రోజులు.

1996లో పోలియో సీసాల మీదికెక్కిన ఈ గుర్తు క్రమంగా ఇతర టీకాలకూ పాకింది. 2012లో బెనిన్ దేశంలో మెనింజైటిస్ టీకాను ఐస్ లేకుండానే 40 డిగ్రీల వరకు నాలుగు రోజులు ఉంచి వేయడానికీ ఇదే కావలి కాసింది.

అయితే ఈ గుర్తుకు గడ్డకట్టడం తెలియదు. పెంటావాలెంట్ వంటి అల్యూమినియం లవణమున్న టీకాలు బాగా గడ్డకట్టిన ఐస్‌ప్యాకులకు ఆనుకుని పాడైనా చతురస్రం లేతగానే ఉంటుంది. అందుకే ఐస్‌ప్యాకును ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచి, ఆ తర్వాతే క్యారియర్‌లో పెట్టమంటారు. అనుమానం వస్తే, కావాలని గడ్డకట్టించి కరిగించిన అదే రకం సీసాను, అనుమానపు సీసాను కలిపి కుదిపి, పక్కపక్కన నిలబెట్టి, అరగంటలోపు ఏది ఎంత త్వరగా అడుగుకు దిగుతుందో చూస్తారు.