చార్టర్ బడులు ఎవరికి జవాబుదారీ?

అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే పాఠశాలలు రెండు రకాలు. మొదటివి జిల్లా పాఠశాలలు. చాలాచోట్ల వీటిని స్థానికులు ఎన్నుకున్న విద్యామండలి పర్యవేక్షిస్తుంది. చదువు కుంటుపడినా, లెక్కలు తేడా వచ్చినా తల్లిదండ్రులు మండలి సమావేశంలో నిలదీయవచ్చు. ఎన్నికల్లో సభ్యులను మార్చవచ్చు.

రెండోవి చార్టర్ పాఠశాలలు. వీటికి 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చట్టం చేసింది. ఇక్కడా ఫీజు ఉండదు. అయితే నిర్వహణ ప్రత్యేక పాలకవర్గానిది. అనుమతి ఇచ్చిన సంస్థతో కుదిరే ఒప్పందమే చార్టర్. గడువులోగా ఫలితాలు చూపకుంటే దానిని రద్దు చేయవచ్చు.

షరతు కఠినమే. కానీ తనిఖీ ఆలస్యమైతే ఏమవుతుందో ఒహాయో రాష్ట్రంలో తేలింది. అక్కడ 2000లో 'ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో' అనే ఆన్‌లైన్ చార్టర్ పాఠశాల మొదలైంది. విద్యార్థుల సంఖ్యను బట్టి దానికి నిధులు అందేవి. 2016లో అధికారులు పరిశీలించగా, లెక్కల్లో చూపిన 15 వేల పైచిలుకు పూర్తికాల విద్యార్థుల్లో సగానికి పైగా సంఖ్యకు ఆధారాలు లేవని తేలింది. సుమారు 6 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించాలని 2017లో రాష్ట్ర విద్యామండలి ఆదేశించింది. 2018 జనవరిలో, విద్యా సంవత్సరం మధ్యలో పాఠశాల మూతపడింది. దాదాపు 12 వేల మంది పిల్లలు వేరే బడులు వెతుక్కోవాల్సి వచ్చింది.

జిల్లా పాఠశాలల్లో లోపాలు లేవని కాదు. అక్కడ మండలి మారినా సాధారణంగా బడి నిలుస్తుంది. చార్టర్‌లో వేటు బడిపైనే పడుతుంది, భారం పిల్లలపై పడుతుంది. అందుకే పిల్లలను చేర్చే ముందు అనుమతి ఇచ్చిందెవరు, ఒప్పందం గడువు ఎప్పటిదాకా, ఆడిట్‌లో ఏం తేలింది అన్నవి అక్కడి తెలుగు తల్లిదండ్రులూ విచారించుకోవాలి.